మూడు సీసాలు

పర్లాకిమిడి
సోమవారం పొద్దున్న

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయలేదు, కోపం తెచ్చుకోకు. కోతలు, ముసురు, చెల్లి పెళ్లిచూపులు... అందరం బాగున్నాం, సంబంధం ఇంకా తేలలేదు. అది తర్వాత. ముందు ఇది విను.

ఈసారి మొక్కజొన్న సరిగ్గా ఎండకముందే వాన పట్టుకుంది. గత్యంతరం లేక నాలుగు బస్తాలకెత్తి వసారాలో పెట్టాం. బావ కోరాపుట్ వైపు నుంచి నిమ్మగడ్డి నూనె తెచ్చి, "దీని వాసనకి బూజు పట్టదట" అన్నాడు. చూద్దామని మూడు సీసాల్లో అరకిలో చొప్పున అదే పచ్చిగింజ పోశాను. ఒకదాని మూతకి లోపల నిమ్మగడ్డి నూనె దూది, ఇంకోదానికి మందుల షాపులో పంటినొప్పికి అమ్మే లవంగ నూనె (హాస్టల్లో ఆ శివరాత్రి గుర్తుందా? వాసన రాగానే నువ్వే కళ్లముందు!). మూడోది ఉత్తది.

ఆరోనాటికి ఉత్త సీసాలో గింజ మొలకొచ్చే కొన దగ్గర తెల్లటి నూగు. తొమ్మిదోనాటికి దానిమీద పసుపు కలిసిన పచ్చటి పొడి. పక్కన రెండు సీసాలూ శుభ్రంగా ఉన్నాయి! లవంగంలో యూజినాల్, నిమ్మగడ్డిలో సిట్రాల్ అనే ఘాటు పదార్థాలు బూజు కణాల పైపొరని దెబ్బతీస్తాయి. నూనె గింజకి తగలక్కర్లేదు, ఆవిరి చాలు. ఎంత సంబరపడ్డానో!

అంతలోనే గుండె గుభేలుమంది. బస్తాల్లోదీ అదే గింజ కదా! పరుగెత్తి మూతి విప్పితే వేడి ఆవిరి ముఖానికి కొట్టింది. రెండు బస్తాల్లో గింజలు ముద్దకట్టాయి.

"కడిగి ఎండబెట్టి ఆవుకి వేద్దాం" అన్నారు నాన్న. నాకు వణుకొచ్చింది. అది ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ బూజైతే అఫ్లాటాక్సిన్ అనే విషం వదులుతుంది. కడిగినా, ఉడికించినా పూర్తిగా పోదు. నూనె కూడా బూజుని ఆపుతుందే గానీ పుట్టిన విషాన్ని తీసేయలేదు. ఆవు తింటే పాలల్లోకి దిగుతుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు మొక్కజొన్న తిని వందమందికి పైగా పోయారని చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయనే పార తీసుకుని పెరట్లో గొయ్యి తవ్వారు. మట్టి కప్పుతుంటే ఆయన ముఖం చూడలేకపోయాన్రా.

ఇంకోటి. ఇరవయ్యో రోజుకి వాసన తగ్గింది, నిమ్మగడ్డి సీసాలోనూ బూజు మొదలైంది. ఆవిరి ఎగిరిపోయేదే కదా, మళ్లీ మళ్లీ వేయాలి. లవంగం సీసాలోంచి 20 గింజలు తడిగుడ్డలో కడితే 11 మొలిచాయి, పాత విత్తనమైతే 18. అందుకే విత్తనాలకి మాత్రం ఈ నూనె పెట్టను. అసలు గింజ తేమ 13 శాతం లోపు ఎండకపోతే ఏ నూనే ఎక్కువకాలం కాపాడదు. మిగతా రెండు బస్తాలూ మేడమీద ఆరబోశాం. వాము నూనెలో థైమాల్ ఉంటుంది, ఈసారి దాంతో...

బావ బస్సుకి బయల్దేరాడు, ఉత్తరం ఇమ్మని గుమ్మంలో నిలబడ్డాడు. పెళ్లివారి సంగతి మళ్లీ రాస్తా.

నీ
రాము