అయస్కాంతపు అట్టలతో మడమ నొప్పి పోతుందా?

సంపాదకుడు గారికి,

చెప్పుల్లో అయస్కాంతపు అట్టలు వేసుకుంటే కాలినొప్పులు పోతాయని పేపర్లలో, టీవీల్లో ప్రకటనలు వస్తూనే ఉన్నాయి. అవి చూసి కొన్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండేది. రెండు నెలలు వాడేసరికి నొప్పి బాగా తగ్గింది. అయస్కాంతం వల్లేనని నమ్మి, మరో నలుగురి చేత కూడా కొనిపించాను. ఆ బాధతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు మడమ నొప్పి ఉన్న 101 మందిపై చేసిన పరీక్ష 2003లో అచ్చయింది. కొందరికి అయస్కాంతం ఉన్న అట్టలు, మిగతావాళ్లకు అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి అట్టలు ఇచ్చారు. ఎవరిది ఏదో వాళ్లకు తెలియదు. ఎనిమిది వారాలకు రెండు గుంపుల్లోనూ దాదాపు మూడో వంతు మందికి నొప్పి బాగా తగ్గింది. అయస్కాంతం ఉన్నా లేకపోయినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకు తగ్గిందంటే మెత్తటి అట్ట వల్ల కావచ్చు, పిక్కలు సాగదీసే వ్యాయామం వల్ల కావచ్చు. ఈ నొప్పి చాలామందికి కొన్ని నెలల్లో మెల్లగా తగ్గేదే.

రక్తంలోని ఇనుమును అయస్కాంతం లాగి రక్తప్రసరణ పెంచుతుందని చెబుతారు. హిమోగ్లోబిన్‌లోని ఇనుము మేకులోని ఇనుములా అయస్కాంతానికి అతుక్కోదు. అలా అతుక్కునేదే అయితే, అంతకంటే ఎన్నో రెట్లు బలమైన ఎమ్మారై యంత్రంలోకి మనిషిని పంపగలిగేవారా?

షుగర్ వల్ల వచ్చే అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు కొంత తగ్గాయని 2003లోనే వచ్చిన మరో పరీక్ష చెప్పింది, ఆ మాట దాచను. కానీ 2007లో అప్పటి పరీక్షలను కలిపి చూసినవారికి, నొప్పి తగ్గించడానికి అయస్కాంతాలు వాడమనేంత ఆధారం దొరకలేదు.

నా భయమంతా షుగర్ ఉన్నవాళ్ల గురించే. మా నాన్నగారు ఈ అట్టలనే నమ్ముకుని డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేశారు. అరికాలికి స్పర్శ తెలియక, పుండు పెద్దదయ్యాక గానీ చూసుకోలేదు.

ఇలాంటి ప్రకటన వేసే ముందు ఏ పరీక్షలో రుజువైందో అడగండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అయస్కాంతాలకు దూరంగా ఉండాలని, షుగర్ ఉన్నవాళ్లు ముందు కాళ్లు డాక్టర్‌కి చూపించుకోవాలని ఆ ప్రకటనలోనే పెద్ద అక్షరాల్లో వేయించండి.

– ఒక పాఠకురాలు