హ్యాండ్ బ్రేక్ నేర్పింది నేనే

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి చిన్నాకు,

అమ్మ ఆశీస్సులు. అరకు ఘాట్ దిగుతుంటే కారు వెనక చక్రం దగ్గర కమురు వాసన వచ్చి, బ్రేక్ పెడల్ మెత్తగా దిగిపోయిందని గురువారం రాత్రి నువ్వు ఫోన్లో చెప్పింది విని మీ నాన్న "ఆ కారు అమ్మేయమను" అని ఒక్క ముక్కలో తేల్చేసి పడుకున్నారు. నాకే నిద్ర పట్టలేదు. నువ్వు పంపిన ఫొటోలూ వీడియో ఒకటికి పదిసార్లు చూశాను. ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగానికి "సరేలేమ్మా" అంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. కారు పక్కన కూర్చుని చదువు.

ముందు ఆ ఎస్టిమేట్ సంగతి. వెనక కాలిపర్లు, అంటే ప్యాడ్లని డిస్కుకి అదిమే పట్టకార్లలాంటివి, రెండూ, చక్రంతో పాటు తిరిగే డిస్కులు రెండూ, ప్యాడ్లు, హ్యాండ్ బ్రేక్ కేబుళ్ళు అన్నీ మార్చాలని మెకానిక్‌లు రాసిచ్చారన్నావు. వాళ్ళనేమీ అనను. విప్పి, కడిగి, తిరిగి బిగించాలంటే ఒక పూట పడుతుంది, బిల్లు చిన్నదవుతుంది. మార్చేస్తే పని తొందరగా తెమిలిపోతుంది, బిల్లు పెద్దదవుతుంది. ఆటోనగర్లో ఇరవై రెండేళ్ళు స్పేర్ పార్టుల కౌంటర్లో కూర్చున్నదాన్ని, నాకు తెలియని లెక్క కాదు. "కాలిపర్ పోయిందమ్మా, కొత్తది ఇవ్వు" అని వచ్చినవాళ్ళలో ఎంతమందిని పాతది పట్టుకురమ్మని వెనక్కి పంపానో! తీరా తెస్తే చాలాసార్లు పోయింది పిన్ను. అమ్ముకోవాల్సిన నేనే ఇలా చెబుతుంటే మీ మావయ్య పళ్ళు నూరేవాడు.

నీ కారుకి వెనక కాలిపర్లో పిస్టన్ ఒక్కటే, అదీ లోపలి పక్కన. పెడల్ తొక్కితే అది లోపలి ప్యాడ్‌ని డిస్కు మీదకి నెడుతుంది. ఆ ఊపుకి కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి, బయటి ప్యాడ్‌ని కూడా లాక్కొచ్చి డిస్కుకి అదుముతుంది. కాలు తీసేశాక పిస్టన్ని వెనక్కి లాగడానికి స్ప్రింగేమీ ఉండదు. దాని చుట్టూ ఒక రబ్బరు సీలు ఉంటుంది. పిస్టన్ ముందుకెళ్ళినప్పుడు అది కాస్త మెలిపడి, ఒత్తిడి పోగానే మళ్ళీ సర్దుకుంటుంది. ఆ సర్దుకోవడంలో పిస్టన్ వెంట్రుకవాసి వెనక్కి వస్తుంది, అంతే. ఆ కాస్త ఖాళీ దొరక్కపోతే ప్యాడ్ డిస్కుని రాసుకుంటూనే ఉంటుంది. అరకు ఘాట్ దిగేటప్పుడు నీకు వచ్చిన కమురు వాసన అదే.

ఇప్పుడు నీ మూడో ఫొటో తియ్యి. ఎడమ వెనక ప్యాడ్ వాలుగా అరిగింది చూశావా? పై కొస మందంగానే ఉంది, కింది కొస రేకు దాకా వచ్చేసింది. రెండు పిన్నుల్లో ఒకటి జారుతూ, ఒకటి జారకపోతే కాలిపర్ వంకరగా లాగుతుంది, ప్యాడ్ ఇలాగే అరుగుతుంది. వాలు లేకుండా లోపలి ప్యాడ్ ఒక్కటే సమంగా అరిగి ఉంటే, పిస్టన్ మీదో హ్యాండ్ బ్రేక్ మీదో అనుమానపడేదాన్ని. కాబట్టి నీది ముందు పిన్ను రోగమే.

ముందు అన్నాను, ఎందుకంటే రెండోది కూడా ఉంది. వీడియోలో కాలిపర్ వెనకాల ఉన్న చిన్న ఆర్మ్, హ్యాండ్ బ్రేక్ కేబుల్ తగులుకునేది, చూడు. లివర్ దించాక అది పూర్తిగా వెనక్కొచ్చి, అది ఆగే మెట్టుకి ఆనాలి. నీది ఆనలేదు, మధ్యలో రూపాయి బిళ్ళ దూరేంత సందు ఉంది. కేబుల్ కొస ఊడదీసి ఆర్మ్‌ని చేత్తో కదిపి వదులు. టక్కున వెనక్కెళితే కాలిపర్ మంచిదే, కేబుల్ లోపల తుప్పు పట్టింది, కేబుల్ మారిస్తే చాలు. వెళ్ళకపోతే కాలిపర్ లోపలి షాఫ్ట్ పట్టేసినట్టు. దానికి డబ్ల్యూడీ-40, అదే తుప్పు వదిలించే స్ప్రే, కొట్టి ఆడిస్తే ఆడుతుంది. వానాకాలం రాగానే మళ్ళీ పడుతుంది. అప్పుడు మాత్రం ఆ పక్క కాలిపర్ మార్చెయ్యి, నేనేమీ అడ్డం చెప్పను. మంచిగా ఉన్న కుడిదాన్ని మాత్రం ముట్టుకోనివ్వకు. జంటగా మార్చాల్సినవి ప్యాడ్లూ డిస్కులూ. కాలిపర్ ఒకటి పోతే ఒకటే మార్చుకోవచ్చు.

ఈ ఆర్మ్ విషయంలో తప్పు నాది. భవానీపురంలో నీకు డ్రైవింగ్ నేర్పిన రోజుల్లో, బండి ఆపిన ప్రతిసారీ "హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగావా?" అని నెత్తిన కూర్చుని అడిగాను కదా. నువ్వు బుద్ధిమంతుడివి, వదల్లేదు. వైజాగ్‌లో మీ లాసన్స్ బే కాలనీలో సముద్రపు గాలిలో, వానల్లో, రెండు నెలలు బండిని కదపకుండా హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగిపెట్టి హైదరాబాద్ వెళ్ళొచ్చావు. కేబుల్ ఆ లాగిన చోటే బిగుసుకుంది. రోజూ తిరిగే బండికి నేను చెప్పింది సరే. వారాల తరబడి నిలిపే బండిని గేర్లో పెట్టి, చక్రాలకి ముందూ వెనకా రాయో చెక్కో అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ వదిలెయ్యాలి. ఆ రెండో ముక్క నీకు చెప్పలేదు. బెజవాడలో నాకెప్పుడూ అవసరం పడలేదు మరి.

సరే, పని. కింద రోడ్డు మీద వద్దు, మీ సెల్లార్లో సమంగా ఉన్న నేల చూసుకో. ముందరి చక్రాలు రెండింటికీ రాళ్ళు పెట్టు, గేర్లో ఉంచు, హ్యాండ్ బ్రేక్ దించు. వీల్ నట్లు బండి నేల మీద ఉండగానే కాస్త వదులు చెయ్యి. జాకీ ఎత్తడానికే. ఎత్తాక స్టాండ్ పెట్టకుండా చెయ్యి లోపల పెట్టావంటే నేను నీ తల్లిని కాను.

కాలిపర్ బోల్టులు రెండూ ఊడదీసి, దాన్ని బ్రేక్ గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో పైనున్న సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టు. పిన్నులు చేత్తో లాగు. ఒకటి వస్తుంది. రానిది చూశావా, అదే నీ దొంగ. రబ్బరు బూటు చించకుండా, పిన్నుని తిప్పుతూ తిప్పుతూ లాగాలి. సుత్తి వద్దు. తుప్పుంటే సన్నటి ఉప్పు కాగితంతో నున్నగా చెయ్యి, గుంటలు పడితే మార్చు. పార్సిల్లో కొత్తవి ఎలాగూ పెట్టాను. ఏది ఎక్కడిదో ఫొటో తీసుకో. పైది పైకే, కిందది కిందకే పోవాలి, రెండూ ఒకలాగే ఉంటాయని కళ్ళు మూసుకుని తోసెయ్యకు.

గ్రీజు నేను పంపిన పొట్లంలోదే వాడు. మా కౌంటర్ దగ్గరికి ఒక పెద్దాయన మూడు నెలల్లో మూడుసార్లు పిన్ను బూట్లకి వచ్చాడు. రెండుసార్లు ఇచ్చాను, మూడోసారి అనుమానం వచ్చి పాతవి చూపించమన్నా. నీళ్ళలో నానిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి! మామూలు ఛాసిస్ గ్రీజు పూస్తున్నాడట. ఈ రబ్బర్లకి పెట్రోలియం గ్రీజు, ఇంజిన్ ఆయిల్ విషం. బ్రేక్ ఆయిల్ డబ్బాలో పొరపాటున ఇంజిన్ ఆయిల్ ఒక గరిటెడు పడ్డా పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగు చక్రాల దాకా రబ్బర్లన్నీ ఉబ్బి కూర్చుంటాయి. కాబట్టి డబ్బా మీద పేరు చదివి మరీ పొయ్యి.

ప్యాడ్ల చెవులు కూర్చునే బ్రాకెట్‌ని, రేకు క్లిప్పులు తీసి, వైర్ బ్రష్‌తో శుభ్రంగా రుద్దు. పిన్నులకి గ్రీజు రాసి ఇది వదిలేసేవాళ్ళే ఎక్కువ. ఆ దుమ్ము నోటితో ఊదకు.

కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్ లోపలికి పోవాలి. ఇక్కడే చాలామంది చెడగొడతారు. ముందు చక్రాల్లోలాగా సీ-క్లాంప్ పెట్టి నొక్కితే ఇది పోదు, హ్యాండ్ బ్రేక్ కోసం లోపల మర ఉంటుంది. బలవంతం చేస్తే ఆ మర పాడయి, నిజంగానే కాలిపర్ కొనాల్సి వస్తుంది. ముఖం మీద ఉన్న గాట్లలో టూల్ పెట్టి కుడివైపుకి, గడియారం ముల్లు తిరిగే వైపుకి, తిప్పుతూ లోపలికి పంపు. చివర్లో ఆ గాడి, లోపలి ప్యాడ్ వీపున ఉన్న చిన్న బొడిపె ఎదురెదురుగా వచ్చేలా చూసుకుని బిగించు. తిరగకుండా మొరాయిస్తే ఆగిపో. బూటు కింద పిస్టన్ మీద తుప్పు గుంటలు ఉన్నాయంటే కొత్త సీలు కూడా నిలవదు.

డిస్కు కాస్త నీలంగా కమిలింది, అదొక్కటే నాకు బెంగ. ఎంత దాకా అరగొచ్చో కనీస మందం దాని మీదే గుద్ది ఉంటుంది, వెర్నియర్‌తో కొలిపించు. పగుళ్ళు ఉంటే మాట్లాడకుండా రెండు పక్కలా మార్చు.

పెడల్ మెత్తగా దిగిందన్నావు కదా, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చావో గుర్తుందా? నాకు తెలుసు, గుర్తులేదు. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. ఘాట్ రోడ్డులో చక్రం కాలుతుంటే లోపల ఆవిరి పుడుతుంది, ఆవిరి నలుగుతుంది కానీ తోయదు. అందుకే పెడల్ దిగిపోయింది. బ్లీడింగ్, అంటే పాత ఆయిల్‌నీ గాలినీ బయటికి తీసే పని, మాత్రం ఒంటరిగా చెయ్యకు, పక్క ఫ్లాట్ కుర్రాణ్ణి పెడల్ మీద కూర్చోబెట్టు. ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళతో కడిగెయ్యి.

అంతా బిగించాక బండి కదపకముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కు. మొదటి రెండు మూడు తొక్కులకి నేలకి ఆనిపోతుంది, భయపడకు. ఇది మరిచిపోయి సెల్లార్ గోడకి గుద్దిన మెకానిక్‌లు నాకు తెలుసు. నీ బండికి వీల్ నట్ల బిగింపు 108 న్యూటన్ మీటర్లు, దాన్ని కొలిచి బిగించే టార్క్ రెంచ్ లేకపోతే ఏదైనా టైర్ల షాపులో బిగించమను.

పార్సిల్ రేపు రాత్రి బస్సుకి వేయిస్తున్నా, మంగళవారం ఆర్టీసీ కాంప్లెక్స్ కార్గో ఆఫీసులో తీసుకో. పిన్నులు, బూట్లు, ప్యాడ్లు ఒక సెట్టు, గ్రీజు, పిస్టన్ తిప్పే టూల్, తుడుచుకోవడానికి మీ నాన్న పాత లుంగీ ముక్కలు ఉంటాయి. టూల్ మీ మావయ్యది, పారేయకు.

పని అయ్యాక బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు ఓ పది కిలోమీటర్లు వెళ్ళు. ఆగి, చెయ్యి ఆనించకుండా, వెనక చక్రాలు రెండింటి దగ్గరా వేడి చూడు. రెండూ ఒకేలా ఉంటే అప్పుడే ఫోన్ చెయ్యి. కారు అమ్మే విషయం మీ నాన్నతో నేను మాట్లాడతాను.

ఉంటాను,
అమ్మ