రెండో డిస్కులోనూ మొదటి సినిమాయే: మీ కస్టమర్ కేర్ మీద ఫిర్యాదు

మేనేజర్ గారికి,

మీ దగ్గర కొన్న మస్కటీర్స్ సినిమాల డిస్కుల సెట్టులో రెండో డిస్కు మీద 'ది ఫోర్ మస్కటీర్స్' అని అచ్చేసి ఉంది. లోపల మాత్రం మళ్లీ 1973 నాటి మొదటి సినిమా, 'ది త్రీ మస్కటీర్స్' మాత్రమే. ఫ్యాక్టరీ అన్నాక పొరపాట్లు జరుగుతాయి, దానికి నాకేం కోపం లేదు. ఈ ఉత్తరం మీ మనుషుల గురించి.

మొదట ఫోనెత్తిన అమ్మాయి ప్లేయర్ ఆపి మళ్లీ ఆన్ చేయమంది. చేస్తే సినిమా మారిపోతుందట! తర్వాత మాట్లాడినాయన ఇంకా ఘనుడు. "రెండో పార్ట్ ఇంకా రిలీజ్ కాలేదేమో సార్" అన్నాడు. 1974లోనే వచ్చింది బాబూ, లా రోషెల్ ముట్టడి, మిలేడీ పగ అన్నీ అందులోనే ఉన్నాయంటే, "లైన్‌లో ఉండండి" అని పాట పెట్టి మాయమయ్యాడు. ఇంకొకరు డిస్కు ఫొటో అడిగారు. పంపాను. "లేబుల్ కరెక్ట్‌గానే ఉంది సార్, ప్రాబ్లం ఏమీ లేదు" అని జవాబు. నేను కొన్నది లేబుల్ చూసుకోవడానికా? ఆ సాయంత్రమే మెసేజ్: మీ సమస్య పరిష్కారమైంది, మాకెన్ని స్టార్లు ఇస్తారని! కాలేదు మహాప్రభో అంటే, పాత ఫిర్యాదు మూసేశాం, కొత్తది పెట్టుకోండన్నారు. పెట్టాను. మళ్లీ అదే ప్రశ్న, ప్లేయర్ ఆపి ఆన్ చేశారా అని.

ఈ సినిమాల వెనక కథ మీవాళ్లకు తెలిసినట్టు లేదు. నిర్మాతలు సాల్కైండ్ తండ్రీకొడుకులు ఒక్క సినిమా అని నటులను తీసుకుని, తీసినదాన్ని రెండు సినిమాలుగా విడుదల చేశారు. నటులు కోర్టుకెక్కారు. ఆ దెబ్బతో హాలీవుడ్ కాంట్రాక్టుల్లో, నటుడి పనితో ఎన్ని సినిమాలు తీస్తారో ముందే తేల్చే 'సాల్కైండ్ క్లాజ్' అనే షరతే పుట్టింది. మీరు వాళ్లనే మించిపోయారు. రెండు సినిమాల డబ్బు పుచ్చుకుని, ఒక్కటే రెండుసార్లు అంటగట్టారు.

వీసీడీల కాలం నుంచీ మీ దగ్గరే కొంటున్నాను. "ఇంకా డిస్కులేంటి నాన్నా" అని ఇంట్లో పిల్లలు నవ్వినా మానలేదు. 1989లో వచ్చిన 'ది రిటర్న్ ఆఫ్ ది మస్కటీర్స్' కూడా నౌకరు ప్లాంషే వేషం కట్టిన రాయ్ కినియర్ కోసం మీ దగ్గరే తీసుకుందామనుకున్నాను (పాపం, ఆ షూటింగ్‌లోనే గుర్రం మీంచి పడి చనిపోయాడాయన). ఇక ఆ ఆలోచన లేదు.

డిస్కు మారుస్తారో, డబ్బు వెనక్కిస్తారో మీ ఇష్టం. ముందు ఆ "లేబుల్ కరెక్ట్" అన్న మనిషి చేత నాకు ఫోన్ చేయించండి, అదీ ఆ డిస్కు చివరిదాకా చూశాకే. ఈ నెలాఖరులోగా ఉలుకూ పలుకూ లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, వినియోగదారుల కమిషన్‌లో కేసూ వేస్తాను. కాగితాలన్నీ దాచే ఉంచాను, మీ స్టార్ల మెసేజ్‌తో సహా.

ఇట్లు,
మీ మెయిల్స్‌లో 'విలువైన కస్టమర్'