పాత మోటారుసైకిళ్లకు ఆయిల్ వేడి కూడా పరీక్షించాలి

సంపాదకులకు నమస్కారం.

మా కోనసీమలో అరటి గెలలైనా, కొబ్బరికాయల బస్తాలైనా, పాల క్యాన్లైనా తోట నుంచి రోడ్డెక్కేది చాలా చోట్ల మోటారుసైకిల్ మీదనే. అందులోనూ పదిహేను, ఇరవై ఏళ్లు దాటిన వంద సీసీ బండ్లు ఈ పనికి ఎక్కువగా కనిపిస్తాయి. ఎండాకాలం వచ్చిందంటే ఈ ఇంజన్లు దారి మధ్యలో పట్టేయడం, యజమాని వేల రూపాయలు పోసి సిలిండరును బోరు చేయించుకోవడం మా ఊళ్లలో మామూలైపోయింది. ఈ నష్టంలో చాలా భాగం ముందుగా కనిపెట్టగలిగినదేననీ, అందుకు కావలసిన సాధనం మన కాలుష్య పరీక్షల ఏర్పాటులో ఇప్పటికే ఒక భాగమనీ రవాణా శాఖ వారికి మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

రెండేళ్ల కిందట మే నెలలో నాకు జరిగిన సంగతి చెబుతాను. తోటలో కోసిన గెలలను రావులపాలెం మార్కెట్‌కు చేర్చాలని ఉదయం పదకొండు గంటల వేళ బయలుదేరాను. కాలువలకు నీళ్లు ఆపేసిన రోజులవి. గట్టు రోడ్డు గుంతలు పడి ఉండటంతో నాలుగు కిలోమీటర్లూ రెండో గేరులోనే రావలసి వచ్చింది. తిరుగు ప్రయాణంలో పనికొస్తాయని ఖాళీ గోనె సంచులను ముందు గార్డుకు కట్టుకున్నాను. లాకులు దాటగానే ఇంజన్ లాగడం తగ్గి, గరగరమని శబ్దం చేసి, వెనక చక్రం ఒక్కసారిగా బిగిసిపోయింది. బండి ఒరిగింది, గెలలు కాలువలోకి దొర్లాయి, నాకు మోచేయి చీరుకుపోవడంతో సరిపోయింది. మెకానిక్ డ్రెయిన్ బోల్టు విప్పితే అరలీటరు ఆయిల్ కూడా దిగలేదు. దిగినది కూడా తారులా నల్లబడి మాడు వాసన కొట్టింది. పిస్టన్ పక్కల నిలువునా గీతలు పడ్డాయి. ఆ ఆయిల్ పోయించి అప్పటికి మూడు నెలలే అయింది, అందుకే నేను ఒక్కసారి కూడా మూత తీసి చూడలేదు. ఆ తప్పు నాదే.

ఈ బండ్లకు రేడియేటరు ఉండదు. ఇంజన్ మీద రెక్కల్లా ఉండే ఫిన్ల మధ్య నుంచి పోయే గాలి, లోపల తిరిగే ఆయిల్, ఈ రెండే ఇంజన్ వేడిని మోసుకుపోవాలి. వంద సీసీ బండిలో పట్టేది లీటరు లేదా అంతకు కాస్త తక్కువ ఆయిల్ మాత్రమే కనుక, అందులో పావు లీటరు తగ్గినా మిగిలినది ఆ మేరకు ఎక్కువ వేడిని మోయవలసి వస్తుంది. మామూలు నడకలో 90 నుంచి 110 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే ఆయిల్, 130 దాటిందంటే పలుచబడి, పిస్టనుకూ సిలిండరుకూ మధ్య నిలవవలసిన పొర నిలవకుండా పోవచ్చు. వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయిల్ చెడిపోయే వేగం సుమారు రెట్టింపవుతుందని ఇంజనీర్లు చెప్పే లెక్క. ఆ లెక్కన, హైవే మీద ఖాళీగా తిరిగే బండికి పుస్తకంలో రాసిన కిలోమీటర్ల గడువు, మే నెలలో గట్టు రోడ్డు మీద బరువు లాగే బండికి ఎలా సరిపోతుంది? సరిపోదు.

బండి బాగుచేయించాక, ఉష్ణోగ్రత కూడా చూపించే మల్టీమీటరు ఒకటి కొని, బండి ఆపిన వెంటనే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే గీతల పుల్ల) రంధ్రంలోంచి దాని తీగను ఆయిల్‌లోకి దించి చూడటం అలవాటు చేసుకున్నాను. అదే గట్టు మీద, అదే బరువుతో 128 డిగ్రీలు చూపించింది. ముందు గార్డుకు కట్టిన గోనె సంచులు తీసేసి, ఫిన్ల మధ్య గట్టిపడిన రేగడి మట్టిని పుల్లతో గీకి శుభ్రం చేసి, ఆయిల్‌ను గీత వరకు నింపి, మరునాడు అదే వేళకు అదే దారిన వస్తే 112 చూపించింది. కొందరు మెకానిక్కులు వాడే గన్ను లాంటి పరికరం పైలోహం వేడినే చూపిస్తుంది, పైగా మెరిసే అల్యూమినియం మీద పెడితే ఉన్నదానికంటే తక్కువ చెబుతుంది. అదే వాడేటట్లయితే ఆయిల్ ఉండే చాంబరు మీద నల్ల రంగు చుక్క ఒకటి వేసి, ఆ చుక్క మీద పెట్టి చూడటం మేలు. కాగిన ఇంజన్ మీద కాలువ నీళ్లు చిమ్మి చల్లార్చే అలవాటు మాత్రం దయచేసి మానాలి. అలా చేస్తే సిలిండరు హెడ్డు వంకరపోవచ్చు, ఫిన్లు చిట్లవచ్చు.

ఆయిల్ వేడెక్కకపోయినా ప్రమాదమే. చలికాలంలో ఇంటికీ సెంటరుకూ మధ్య కిలోమీటరు, రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండ్ల ఆయిల్ మూత తీస్తే లోపల మీగడలా తెల్లని జిగురు కనిపిస్తుంది. ఆయిల్ తగినంత కాగకపోవడం వల్ల లోపల చేరిన తేమ ఆవిరి కాక అందులోనే కలిసిపోతుంది.

ఇక నా విన్నపం. భారత్ స్టేజ్ 4 అనే కాలుష్య ప్రమాణం కంటే ముందు వచ్చిన బండ్లు ఆరు నెలలకొకసారి కాలుష్య పరీక్షకు వెళ్లి సర్టిఫికెట్ తీసుకోవాలి. పదిహేనేళ్లు నిండిన బండి రిజిస్ట్రేషన్‌ను మళ్లీ అయిదేళ్లకు పొడిగించుకోవాలంటే దానిని తనిఖీకి కూడా తీసుకెళ్లాలి. అంటే నేను చెబుతున్న బండ్లు ఎలాగూ ఒకచోటికి వస్తూనే ఉన్నాయి. డీజిల్ వాహనాల పొగ పరీక్షకు ముందు ఇంజన్ ఆయిల్ కనీసం 60 డిగ్రీలకు చేరిందో లేదో చూడాలి కనుక, అందుకోసం డిప్‌స్టిక్ రంధ్రంలో పెట్టే ప్రోబు, అంటే వేడిని కొలిచే సాధనం, ఆ యంత్రాలతోపాటే ఉంటుంది. మార్చి నుంచి జూన్ వరకు పాత ఫోర్ స్ట్రోక్ మోటారుసైకిల్ వచ్చినప్పుడు అటువంటి ప్రోబుతోనే ఆయిల్ వేడిని, డిప్‌స్టిక్‌తో ఆయిల్ మట్టాన్ని చూసి, రెండు అంకెలు ఒక చీటీ మీద రాసి యజమానికి ఇస్తే చాలు. దానిని జరిమానాకు గానీ, సర్టిఫికెట్ నిరాకరించడానికి గానీ ముడిపెట్టకూడదు. ముడిపెడితే జనం అసలు ఆ ఛాయలకే రారు. టూ స్ట్రోక్ బండ్లలో ఆయిల్ పెట్రోలుతో కలిసి కాలిపోతుంది కనుక వాటికి ఈ పరీక్ష అవసరం లేదు.

డీజిల్ పరీక్ష యంత్రాలు లేని చోట ఐటీఐలలో మోటారు మెకానిక్ ట్రేడు చదివే పిల్లలకు ఈ పని అప్పగించవచ్చు. రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర, అంబాజీపేట కొబ్బరి మార్కెట్ దగ్గర, సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం బండ్లు వరుస కట్టే చోట వారానికి ఒక పూట కూర్చుంటే చాలు. బరువు మోసుకొచ్చిన బండి ఇంకా కాగుతూనే అక్కడ ఆగుతుంది కాబట్టి, పరీక్ష కేంద్రంలో చల్లారిన బండి చూపించే అంకె కంటే అక్కడ దొరికే అంకె నిజానికి దగ్గరగా ఉంటుంది. పిల్లలకు చేతిపని నేర్చుకునే అవకాశం, రైతుకు ఇంజన్ దక్కే అవకాశం.

వచ్చే ఏడాది కాలువలకు నీళ్లు ఆపేసేలోగా కనీసం ఒక మార్కెట్ దగ్గరైనా దీనిని మొదలుపెట్టి చూడాలని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా రవాణా శాఖ అధికారులను కోరుతున్నాను. రావులపాలెంలో పెట్టేటట్లయితే నా మల్టీమీటరు, తీగ తీసుకొని ఆ పూట నేనూ వస్తాను.

ఇట్లు,
ఒక అరటి రైతు,
కొత్తపేట మండలం.