కట్టినవాడి పేరు వేయడానికి చోటు చాల్లేదా?

సంపాదకులకు,

సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లోని జెనరల్‌ష్టాబ్ (పాత యుగోస్లావియా సైన్యపు ప్రధాన కార్యాలయం) గురించి పోయిన వారం మీరు వేసిన వార్తలో అది "కమ్యూనిస్టుల కాలపు పాడుబడ్డ సైనిక భవనం" అట. ఆ చోట హోటల్ కట్టబోయిన అల్లుడిగారు జారెడ్ కుష్నర్ పేరుంది, మామగారు ట్రంప్ ఫొటో ఉంది. భవనం గీసిన నికోలా డోబ్రోవిచ్ పేరు మాత్రం ఎక్కడా లేదు. సినిమా పేజీలో డ్యాన్స్ మాస్టర్ పేరు కూడా వదలరు కదా!

డోబ్రోవిచ్ 1897లో హంగరీలోని పేచ్‌లో పుట్టాడు. ప్రాగ్‌లో చదివి, అక్కడే పనిచేసి, 1934లో ఇప్పటి క్రొయేషియా తీరంలోని డుబ్రోవ్‌నిక్ వెళ్లాడు. లోపుడ్ ద్వీపంలోని గ్రాండ్ హోటల్, ఆ తీరాన కొన్ని విల్లాలు ఆ కాలానివే. యుద్ధం ముగిశాక న్యూ బెల్‌గ్రేడ్‌కు తొలి ప్రణాళికలు గీసిందీ ఆయనే. ఇంత చేసినా బెల్‌గ్రేడ్‌లో ఆయన కట్టిన భవనం ఇదొక్కటే.

పాత రైల్వే స్టేషన్ నుంచి నెమాన్యినా వీధి ఎత్తుకు సాగుతుంది. ఆ వీధికి అటొకటి ఇటొకటి రెండు భవనాలు, మెట్లు మెట్లుగా వీధివైపు దిగుతాయి. కోస్యెరిచ్ నుంచి తెచ్చిన ఎర్రటి గరుకు రాయి, పక్కనే బ్రాచ్ ద్వీపపు తెల్లరాయి. రెండు భవనాల నడుమ ఉన్న ఖాళీయే ఈ డిజైన్‌కు ప్రాణం. రెండో ప్రపంచయుద్ధంలో యుగోస్లావ్ గెరిల్లాలు జర్మన్లతో పోరాడిన సుత్యెస్కా లోయలా ఉందని జనం చెప్పుకుంటారు. డోబ్రోవిచ్ మాత్రం ఖాళీలోని చలనం గురించి రాసిన తన వ్యాసంలో ఫ్రెంచ్ తత్వవేత్త బెర్గ్‌సన్ పేరెత్తాడు. ఒక పక్క భవనం తీసేస్తే రెండోది వట్టి ఆఫీసు బిల్డింగే.

1999 నాటో బాంబు దాడుల్లో దెబ్బతిన్నాక దాన్ని నిలబెట్టడం కుదరదన్న మాటను మీరు ఉన్నదున్నట్టు అచ్చేశారు. ఎందుకు కుదరదు? కాంక్రీటు ఫ్రేము పగిలినచోట వాననీరు దిగి లోపలి ఊచ తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటు పెచ్చులూడుతుంది, దాంతో పైన తొడిగిన రాయి పట్టు వదులుతుంది. కాబట్టి మొదట నీరు ఆపాలి, వేలాడే స్లాబులకు ఊతలు పెట్టాలి. రాళ్లకు ఒక్కోదానికి నంబరు వేసి దించాలి. స్తంభాల్లోంచి కోర్లు (గుండ్రటి కాంక్రీటు నమూనాలు) తీసి బలం చూడాలి. నిలిచేవాటికి జాకెటింగ్ (చుట్టూ కొత్త ఊచ, కాంక్రీటు తొడుగు), నిలవనివాటి చోట కొత్తవి, ఆపైన అదే రాయి. ఖర్చు ఎక్కువే, కానీ ఎవరికీ తెలియని విద్య కాదు. ఏళ్లపాటు వానకు వదిలేసి, ఆనక "ప్రమాదకరం" అని నోటీసు అంటించడం ఏ దేశపు అధికారులకైనా వెన్నతో పెట్టిన విద్యే.

ఈ భవనాన్ని 2005లో సాంస్కృతిక సంపదగా ప్రకటించారు. 2024 నవంబరులో ఆ రక్షణ ఎత్తేశారు. అందుకు ఆధారమైన నిపుణుల అభిప్రాయం ఫోర్జరీ అని 2025 మేలో బయటపడింది, స్మారకాల రక్షణ సంస్థ పెద్దనే అదుపులోకి తీసుకున్నారు. అయినా నవంబరులో పార్లమెంటు ఆ హోటల్ ప్రాజెక్టుకు దారి ఇస్తూ ఏకంగా ప్రత్యేక చట్టమే చేసింది! డిసెంబరులో ఈ వ్యవహారంలోనే సంస్కృతి మంత్రిపై ప్రాసిక్యూటర్లు అభియోగాలు మోపారు, ఆ రోజే పెట్టుబడిదారైన ఆ అల్లుడిగారు తప్పుకున్నారు. ఫోర్జరీ సంగతి మీ వార్తలో ఒక్క ముక్క లేదు, హోటల్‌లో ఎన్ని అంతస్తులో మాత్రం ఉంది.

తర్వాతి వార్తలో ఆ రెండు భవనాలూ కలిసి కనబడేలా, వీధి మధ్య నుంచి తీసిన ఫొటో వేయండి.

— ఒక ఆర్కిటెక్ట్, విజయవాడ