బాక్సులు పోయాయి, వైరింగులు మిగిలాయి

ఆదివారం రాత్రి మన షాపులో దొంగలు పడ్డారు. వెనక రేకు విప్పి దిగి, అల్మారాలోని డీజిల్ ట్యూనింగ్ బాక్సులు (డీజిల్ బండికి తగిలించి పవర్ పెంచేవి) దాదాపు అన్నీ ఊడ్చుకుపోయారు. పోతూ పోతూ సీసీ కెమెరాల రికార్డింగ్ డబ్బా (డీవీఆర్) కూడా పీక్కుపోయారు. ఎఫ్ఐఆర్ అయింది, ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి చూసి వెళ్ళాడు. ఈ హడావుడిలో చాలామంది ఫోన్లు ఎత్తలేకపోయాను.

ముందు మీ డబ్బు సంగతి. అడ్వాన్స్ కట్టినవాళ్ళకు కొత్త స్టాక్ రాగానే వరసలో ఇస్తాను. ఆగలేమంటే చెప్పండి, మొత్తం వెనక్కి వేస్తాను. మ్యాప్ (బండిని బట్టి బాక్స్‌లో వేసే సెట్టింగులు) అప్‌డేట్‌కని మీరు ఇచ్చి వెళ్ళిన బాక్సులు కూడా పోయాయి. వాటి బదులు కొత్తవే ఇస్తాను. మీరు మా దగ్గర పెట్టిన వస్తువులు షాపు పాలసీలోకి రావు, ఆ ఖర్చు నాదే. అందుకే ఈసారి దసరా ఆఫర్ లేదు, ఏమీ అనుకోకండి.

విచిత్రం ఏంటంటే, పక్క గదిలో కొక్కేలకు వేలాడుతున్న వైరింగ్ హార్నెస్‌లను, అంటే బాక్స్‌ని బండికి కలిపే వైర్ల కట్టలను, ముట్టుకోలేదు. అవి లేకుండా ఆ బాక్స్ ఉత్త ఇటుకముక్క. హార్నెస్‌లో ఒక కప్లర్ (వైరు చివరి ప్లగ్గు) ఇంజిన్‌లో డీజిల్ ప్రెషర్ కొలిచే రైల్ ప్రెషర్ సెన్సార్‌కి, రెండోది సెన్సార్ నుంచి ఊడదీసిన కంపెనీ వైరుకి ఎక్కాలి. బండి మారితే కప్లరూ మారొచ్చు. కాబట్టి దొంగ బాక్స్ కొన్నవాడు ఏదో ఒక రోజు "అన్నా, హార్నెస్ ఒక్కటీ ఉంటదా?" అని ఎవరికో ఒకరికి ఫోన్ చేయాల్సిందే. ఇకమీదట మా దగ్గర హార్నెస్ విడిగా కావాలంటే పాత బిల్లు, బాక్స్ సీరియల్ నంబర్ రెండూ చూపించాలి. పాత కస్టమర్లకీ, తోటి మెకానిక్‌లకీ ఇదే రూలు.

కొన్ని ట్యూనర్లు బండి ఛాసిస్ నంబర్‌కి లాక్ అవుతాయి. మన బాక్సులకు ఆ లాక్ లేదు, ఎవరు తగిలించినా పనిచేస్తాయి. దొంగలకు కావాల్సిందీ అదే. కానీ సగం ధరకి దొరికిన దాంట్లో ఏ బండి మ్యాప్ ఉందో మీకెలా తెలుస్తుంది? ఈ బాక్స్ చేసే పనే ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి) డీజిల్ ప్రెషర్ తక్కువగా చూపించి ఎక్కువ ప్రెషర్ కొట్టించడం. మ్యాప్ తప్పితే చెక్ ఇంజిన్ లైట్ వెలిగి బండి లింప్ మోడ్‌లోకి (పవర్ తగ్గించుకుని మెల్లగా నడిచే స్థితిలోకి) పోతుంది. అంతటితో పోతే అదృష్టమే. లేకపోతే నల్లపొగ, ఇంజెక్టర్ల ఖర్చు, బీఎస్6 బండైతే డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మసితో మూసుకుపోవడం. పైగా దొంగసొత్తని అనుమానించే కారణం ఉండి కూడా కొంటే, బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 317 సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు.

పోయిన బాక్సుల సీరియల్ నంబర్లు వాట్సాప్‌లో పెట్టాను. ఎవరైనా మీకు అమ్మజూపితే గొడవ పడకండి, బాక్స్ అడుగున స్టిక్కర్ ఫోటో తీసి పంపండి చాలు. స్టిక్కర్ గోకేసి ఉన్నా పంపండి, లోపల బోర్డు మీద కూడా నంబరుంది.

రీమ్యాప్ (బాక్స్ లేకుండా ఈసీయూ సెట్టింగులే మార్చడం) చేసే ల్యాప్‌టాప్ ఇంట్లో ఉండబట్టి బతికిపోయింది. రీమ్యాప్ బుకింగులు ఇచ్చిన తేదీలకే జరుగుతాయి.