తలంబ్రాలు, 15 జీబీ

స్టుట్‌గార్ట్
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ చిన్నా,

అందరూ ఎలా ఉన్నారు? నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్లో చెబితే "సరే అక్కా, సరే అక్కా" అంటావు తప్ప ఒక్కటీ చెవికెక్కించుకోవు. అందుకే కూర్చుని రాస్తున్నా. అమ్మకి కూడా చదివి వినిపించు. లెక్కలొచ్చిన చోట దాటెయ్యి, లేకపోతే నిద్రపోతుంది.

షష్టిపూర్తికి రాలేకపోయానన్న బాధ ఎలాగూ ఉంది. వీడియో అయినా చూద్దామంటే అది 15 జీబీ! గూగుల్ ఉచిత ఖాతాలో మెయిళ్లు, ఫోటోలు, ఫైళ్లు అన్నీ కలిపి ఇచ్చేదే 15 జీబీ. నువ్వేమో దాన్ని రెండు ముక్కలు చేసి, ఒకటి నాన్న ఖాతాలో, ఒకటి అమ్మ ఖాతాలో ఎక్కించావు. నాన్నది నిండిపోయి మెయిళ్లు రావడం ఆగింది. ఆయన పాపం స్టేట్‌మెంట్ పంపలేదని నాలుగు రోజులు బ్యాంకు వాళ్లని తిట్టారు. ఈ వాక్యం మాత్రం పైకి చదవకు.

పెద్దదైందన్నానని అలిగి రెండోసారి మెసేజ్‌లో తోసేశావు. 40 నిమిషాల వేడుక 90 ఎంబీలో! అమ్మ ఆకుపచ్చ పట్టుచీర జరీ అంచు పసుపు పట్టీలా కనిపించింది. పోనీలే అనుకున్నా. అయ్యవారు మంత్రాలు చదువుతున్నంతసేపూ ఫర్వాలేదు. తలంబ్రాలు మొదలయ్యాయి. నాన్న దోసిలి ఎత్తారు, అమ్మ తల వంచింది, బియ్యం పడగానే అమ్మ మొహమంతా గళ్లు గళ్లు. నవ్విందా, కళ్లనీళ్లు పెట్టుకుందా? మూడుసార్లు వెనక్కి తిప్పి చూశా. తెలియలేదురా.

మా ఆఫీసులో ట్రైనింగ్ వీడియోలు నేనే చూసుకుంటాను కాబట్టి ఈ గళ్ల సంగతి నాకు తెలుసు. వీడియో ఫైలు ప్రతి ఫ్రేమునీ నిండు ఫోటోలా దాచుకోదు. ఒక ఫ్రేము పూర్తిగా రాసుకుని, ఆ తర్వాతి వాటిలో మారినంత వరకే రాసుకుంటుంది. అయ్యవారు కూర్చున్న చోట కూర్చుని పెదవులు కదిపితే మారేది గోరంత. తలంబ్రాలు అలా కాదు. వందల గింజలు, ఒక్కోటి ఒక్కో దిక్కుకి, వెనకాల జరీ మెరుపు, పైన పూలు. కలశాల నీళ్లు పోసినప్పుడూ అంతే. అంత మార్పు రాసుకోవడానికి సెకనుకి ఇచ్చిన డేటా చాలకపోతే బొమ్మ గళ్లుగా విరిగిపోతుంది. ఆ సెకనుకి ఇచ్చే డేటానే బిట్‌రేట్ అంటారు. ఫైలు ఎంత పెద్దదవుతుందో తేల్చేది అదే.

లెక్క చిటికెలో అయిపోతుంది. సెకనుకి 50 మెగాబిట్లు ఇచ్చావనుకో, నిమిషానికి 3,000 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 375 ఎంబీ. 40 నిమిషాలకి 15 జీబీ. నువ్వు పంపింది సరిగ్గా అదే. సెకనుకి 8 మెగాబిట్లే ఇచ్చి ఉంటే నిమిషానికి 60 ఎంబీ, మొత్తం 2.4 జీబీ. 1080పీ వీడియోకి, అంటే బొమ్మ ఎత్తు 1080 చుక్కలుండే దానికి, సెకనుకి 25 ఫ్రేములో 30 ఫ్రేములో ఉంటే, యూట్యూబ్ వాళ్లు చెప్పేది కూడా ఆ 8 మెగాబిట్లే.

"4కేలో చేశాను కదక్కా, క్లియర్‌గా ఉంటుందని" అన్నావు. తీసిందే 1080పీలో కదరా! 4కేకి సాగదీస్తే చుక్కలు నాలుగు రెట్లవుతాయి గానీ, కెమెరా చూడని గింజ ఒక్కటీ కొత్తగా రాదు. సాంబారులో నీళ్లు పోసి పెద్ద గిన్నెలోకి మార్చడమే అది. సెకనుకి 60 ఫ్రేములు చెయ్యడమూ అంతే. కెమెరాని 25కి పెట్టి తీశావు, మిగతా 35 ఎక్కడి నుంచి వస్తాయి? ఉన్నవే మళ్లీ మళ్లీ.

ఇప్పుడు మళ్లీ ఎడిటింగ్‌కి కూర్చోవద్దు. ఆ 15 జీబీ ఫైలునే హ్యాండ్‌బ్రేక్ అని వీడియోలు కుదించే సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో వెయ్యి. అది ఉచితం. సైజు 1080పీ, ఫ్రేములు 25, కోడెక్, అంటే వీడియోని కుదించే పద్ధతి, హెచ్.264. అసలు కీలకం ఆ తర్వాత ఉంది. బిట్‌రేట్ అడిగే చోట అంకె ఇవ్వకు. పక్కనే కాన్‌స్టంట్ క్వాలిటీ అని ఒక జరుగుడు గీత ఉంటుంది, దాన్ని 22 దగ్గర ఆపు. అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది, ఫైలూ పెరుగుతుంది. ఈ పద్ధతిలో అయ్యవారి దగ్గర పొదుపు చేసి, తలంబ్రాల దగ్గర కావలసినంత ఖర్చు పెడుతుంది. సైజు ఎంతవుతుందో ముందే చెప్పలేం, అదొక్కటే దీనితో చిక్కు. పెళ్లి వీడియోలకి నేనైతే ఇదే వాడతా.

హెచ్.265 వాడితే దాదాపు సగం సైజులోనే అదే నాణ్యత వస్తుంది, నిజమే. కానీ ఆ కోడెక్ వచ్చింది 2013లో. మన హాల్లో టీవీ అంతకన్నా పాతది. దాని మీద ఆడదు, నాన్న నిన్నే పిలుస్తారు. హెచ్.264 అయితే ఎక్కడైనా ఆడుతుంది. శబ్దానికి ఏఏసీ పద్ధతిలో సెకనుకి 192 కిలోబిట్లు చాలు. మొత్తానికి 60 ఎంబీ కూడా కాదు కాబట్టి అక్కడ పీనాసితనం వద్దు. నాదస్వరం గరగరలాడితే తాతయ్య ఊరుకోరు.

ఇంకోటి. టీ నగర్ మండపంలో ఆ ఊదారంగు లైట్ల కింద, చీకటి మూలల్లో బొమ్మ చీమలు పాకినట్టు ఉంది. ఆ చీమలు కూడా ఫ్రేము ఫ్రేముకీ మారుతుంటాయి, అవీ డేటా తినేస్తాయి. వాటిని తగ్గించడానికి హ్యాండ్‌బ్రేక్‌లోనే డీనాయిజ్ అని ఒకటి ఉంది, తక్కువ మోతాదులో పెట్టి చూడు. ఎక్కువ పెడితే అమ్మ మొహం మైనపు బొమ్మలా అవుతుంది, జాగ్రత్త.

నెల్లూరు పెద్దమ్మకి పెన్‌డ్రైవ్‌లో ఇస్తానన్నావట. పాత పెన్‌డ్రైవ్‌లు ఎఫ్‌ఏటీ32 అని ఫైళ్లు సర్దుకునే ఒక పాత పద్ధతిలో ఉంటాయి. అందులో 32 జీబీ ఖాళీ ఉన్నా 4 జీబీ దాటిన ఫైలు ఒక్కటీ ఎక్కదు. చోటు లేదని పెన్‌డ్రైవ్ మీద విసుక్కోకు. కొత్త ఫైలు ఎలాగూ 4 జీబీ లోపే ఉండాలి, దాటితే క్వాలిటీ 23కి మార్చు.

కెమెరా కార్డులో ఉన్న అసలు ఫైళ్లు మాత్రం చెరపకు. నీ ల్యాప్‌టాప్ నిండిపోయిందని నాకు తెలుసు. హార్డ్ డిస్కుకి డబ్బులు పంపిస్తా, కొనుక్కో. చిన్న ఫైలు నుంచి మళ్లీ చిన్న ఫైలు చేస్తే పోయినదాని మీద ఇంకా పోతుంది. ఎప్పుడు చేసినా పెద్దదాని నుంచే చెయ్యాలి.

40 నిమిషాలూ ఒకేసారి పెట్టి రాత్రంతా చూస్తూ కూర్చోకు. ముందు 30 సెకన్లు, తలంబ్రాలు పోసే ముక్క మాత్రం చేసి చూడు. అక్కడ బాగుంటే మిగతాదంతా బాగుంటుంది. ఆ ముక్క 30 ఎంబీ అవుతుందో, 50 అవుతుందో. వాట్సాప్‌లో వీడియోగా పంపితే మళ్లీ నలిపేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపు. అలాగైతే 2 జీబీ దాకా ఉన్నది ఉన్నట్టే వస్తుంది.

నువ్వు పడుకునే వేళకి నాకిక్కడ ఇంకా సాయంత్రమే. ఇవాళే పంపావనుకో, అమ్మ నవ్విందో ఏడ్చిందో భోజనం వేళకి చూస్తా. నువ్వు చెప్పకు. నేనే చూస్తా.

అక్క